మనవాడు మాత్రం వద్దు

"నాకు ఏ ఇన్‌స్పెక్టరైనా ఫర్వాలేదు. కోపిష్టివాడైనా సరే, నోరు విప్పనివాడైనా సరే. మా దేశంవాడు మాత్రం వద్దు."

డ్రైవింగ్ లైసెన్సుల ఆఫీసులో మూడో నంబరు కౌంటరు దగ్గర నేనీ మాట అన్నప్పుడు, అద్దానికి అవతల టైపు చేస్తున్న అమ్మాయి చెయ్యి ఆపి నా మొహంలోకి చూసింది. మా దేశంనుంచి వచ్చినవాళ్ళందరూ ఆ ఇన్‌స్పెక్టరే కావాలని అడుగుతారట. వద్దని అడిగినదాన్ని నేనొక్కదాన్నేనట. ఇక్కడి భాషలో మాట్లాడాను కాబట్టి మా దేశంవాడు అన్నాను గానీ, నా కడుపులో మండుతున్న మాట అది కాదు. ఆ మాట 'మనవాడు'.

ఈ ఒక్క మాటతో నా కాపురంలో నేను పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. మా ఆయన లిఫ్టు మెకానిక్కు. రోజుకి ఐదారు భవనాలు ఎక్కి దిగే మనిషి. ఏ అంతస్తులో తెలుగు ముక్క చెవిన పడినా, చేతిలో స్పానరు అలాగే పట్టుకుని "మనవాళ్ళేనా?" అంటూ ఎదురెళ్ళిపోతారు. సాయంత్రానికల్లా ఆ మనవాళ్ళు మా ఇంటి సోఫాలో తేలతారు. ఈ దేశం వచ్చిన పదిహేనేళ్ళలో నేను వండి వడ్డించిన మనవాళ్ళని వరసగా నిలబెడితే మా వీధి మలుపు దాటతారు. అందులో ఒకాయన రెండు రోజుల్లో ఇచ్చేస్తానని మా అల్యూమినియం నిచ్చెన పట్టుకెళ్ళి ఊరే మారిపోయాడు. "మీ మనవాడు నిచ్చెన ఎప్పుడు తెస్తాడండీ?" అని నేనడిగితే, "వాడెవడో, మనకేం తెలుసు" అన్నారు మా ఆయన. మంచిగా ఉన్నంతసేపు మనవాడు, ముంచాక వాడెవడో.

పోనీ మంచివాళ్ళకే ఆ మాట వాడతారా అంటే అదీ లేదు. ఆయన ఏదైనా కథ చెప్పడం మొదలుపెడితే అందులో దొంగ కూడా మనవాడే. "మనవాడు మెల్లిగా గోడ దూకాడు, దూకి చూస్తే ఎదురుగా కుక్క" అని చెబుతుంటే, ఆ దొంగకి ఏమవుతుందోనని నాకే గుండె దడదడలాడుతుంది. ఆ మాటలో ఏ మందు ఉందో తెలీదు. ఎవరికి తగిలించినా వాళ్ళ పక్షాన నిలబడిపోతాం.

ఆ మందే నన్నూ ముంచింది. నాలుగు నెలల క్రితం నేను మొదటిసారి టెస్టుకి బయల్దేరుతుంటే మా ఆయన ఎగిరి గంతేసినంత పని చేశారు.

"ఆ ఆఫీసులో ఇన్‌స్పెక్టరు మనవాడేనటోయ్! ఇంకేం, లైసెన్సు నీ చేతిలో ఉన్నట్టే. ఎక్కగానే ఓ నమస్కారం పెట్టు, మనవాళ్ళమని చెప్పు. మిగతాదంతా ఆయనే చూసుకుంటాడు."

నేనూ నమ్మాను. కారెక్కి కూర్చుని, రెండు చేతులూ జోడించి, "నమస్కారమండీ! మీరు మనవాళ్ళేనట కదా" అన్నాను. పక్క సీట్లో యాభై ఏడేళ్ళ మనిషి. బట్టతల, నెరిసిన గుబురు మీసం, ఇస్త్రీ మడత నలగని చొక్కా. నావైపు తల తిప్పనైనా తిప్పకుండా ఇక్కడి భాషలో, "సీటు బెల్టు" అన్నాడు. అంతే. ఇరవై నిమిషాల్లో ఆయన నోట ఒక్క తెలుగు ముక్క రాలలేదు. రెండో మలుపులో అద్దం చూడలేదని ఫెయిల్ చేసి, కాగితం చేతిలో పెట్టి దిగిపోయాడు.

రెండోసారి మళ్ళీ ఆయనే తగిలాడు. ఈసారి నమస్కారం పెట్టలేదు, అద్దాలన్నీ మెడ నొప్పెట్టేదాకా చూశాను. చివర్లో బండిని ఫుట్‌పాత్ పక్కన ఆపమన్నాడు. ఆపాను. ఆయన దిగి, ప్యాంటు జేబులోంచి ఒక కొలత టేపు తీసి, వంగి, చక్రానికీ గట్టుకీ మధ్య దూరం కొలిచాడు. రూలు ప్రకారం ముప్ఫై సెంటీమీటర్ల లోపుండాలట. ముప్ఫై రెండు వచ్చింది. ఫెయిల్. నాకు ఒళ్ళు మండిపోయింది. మండదా మరి? మా బేకరీలో ప్యాకింగ్ బల్ల దగ్గర పనిచేసే పొడుగమ్మాయి అంతకు ముందు వారమే ఈయన చేతుల మీదుగానే పాసయింది. తను మూరెడు దూరంలో ఆపిందట. ఈయన కిటికీలోంచి తొంగిచూసి, సరేనని సంతకం పెట్టేశాడట. ఆ అమ్మాయి ఈ ఊళ్ళో పుట్టినది. "టేపా? టేపేంటి?" అని నన్నే ఎదురడిగింది.

రెండుసార్లు పోతే మూడోసారి చూసుకోవచ్చు, లైసెన్సు ఎక్కడికీ పారిపోదు కదా అని మీరనవచ్చు. ఇన్నాళ్ళూ నేనూ అదే అనుకున్నాను. కానీ ఈ సోమవారం మా బేకరీ యజమాని నన్ను పిలిచి చెప్పాడు. బ్రెడ్డు చేరవేసే వ్యాను డ్రైవరు శనివారంతో మానేస్తున్నాడు.

"శుక్రవారం సాయంత్రానికి లైసెన్సు తెచ్చి చూపించు, వ్యాను తాళాలు నీవే. లేదంటే బయటినుంచి ఎవరినైనా తీసుకుంటాను. ఏమీ అనుకోకు, దుకాణాలకి బ్రెడ్డు అందకుండా ఒక్కరోజు కూడా ఆపలేను" అన్నాడు.

ఆయన మాటలో తప్పులేదు. ఆరేళ్ళుగా నేను ఆ బేకరీలో పొయ్యిల గదిలో పనిచేస్తున్నాను. ట్రేలు లోపలికి తొయ్యడం, బయటికి లాగడం. మోచేతులదాకా కాలిన మచ్చలు. ఆ గదికి కిటికీ లేదు. బయట వాన పడిందో ఎండ కాసిందో పని దిగాక గానీ తెలీదు. ఊరంతా నేను కాల్చిన బ్రెడ్డు తింటోంది, ఊరు మాత్రం నేను చూడలేదు. ఆ తెల్ల వ్యాను పెరట్లోంచి బయల్దేరుతుంటే ట్రే పట్టుకుని గుమ్మందాకా వచ్చి చూసేదాన్ని. నలభై మూడేళ్ళ వయసులో ఒక వస్తువు ఏడుపొచ్చేంతగా కావాలనిపించడం నాకే సిగ్గుగా ఉండేది. అయినా కావాలి.

అందుకే బుధవారంనాడు ఆ కౌంటరు దగ్గరకెళ్ళి మనవాడు మాత్రం వద్దని ప్రాధేయపడ్డాను. శుక్రవారం పొద్దున టెస్టు దొరికింది గానీ, ఇన్‌స్పెక్టరుని మార్చడం కుదరదంది ఆ అమ్మాయి. ఆరోజు ఆయనే డ్యూటీ.

"ఒక్క సందర్భంలోనే మారుస్తాం. ఇన్‌స్పెక్టరు మీ బంధువైతే ఆయన మీకు టెస్టు పెట్టకూడదు" అంటూ ఒక ఫారం నా ముందుకి తోసింది.

చూశాను. ఇన్‌స్పెక్టరు మీకు ఏమవుతారు అని ఒక గడి. దాని కింద, మీ సొంత భాషలో రాయవచ్చు, కంప్యూటరు తర్జుమా చేసుకుంటుంది అని చిన్న అక్షరాలు. నాకు బుర్రలో దీపం వెలిగింది. అబద్ధం రాయడం నావల్ల కాదు. కానీ నిజం రాయొచ్చుగా? ఆయన నాకు ఏమవుతాడు? మా ఆయన, ఆయన స్నేహితులు, ఊళ్ళో ఉన్న తెలుగువాళ్ళంతా చెప్పే మాటే రాస్తాను. మనవాడు అంటే బంధువని కంప్యూటరు అనుకుంటే అది దాని ఖర్మ. వెనక క్యూలో ఎవరో దగ్గుతున్నారు. నిలబడే గబగబా గీకేసి ఇచ్చి వచ్చేశాను.

ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే మా ఆయన తల పట్టుకున్నారు.

"మనవాణ్ణి వద్దని కాగితం రాసిచ్చి వచ్చావా? రేపు ఎక్కడైనా కనిపిస్తే ఆయన మొహం ఎలా చూడమంటావే?"

"ఆయన నా మొహం చూశాడా ఏంటి? నేను నమస్కారం పెడితే సీటు బెల్టుకేసి చూశాడు."

"ఎంతైనా మనవాడు..."

"ఇంకోసారి ఆ మాటంటే నిచ్చెన సంగతి ఎత్తుతాను" అన్నాను. నోరు మూసుకున్నారు.

శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి వెళ్ళేసరికి నన్ను తిన్నగా లోపలి గదిలోకి పంపించారు. అది ఆఫీసరమ్మ గది. అరవై దగ్గర పడ్డ మనిషి, మెడలో గొలుసుకి వేలాడే కళ్ళజోడు, బల్ల మీద నా ఫారం. పక్కనే కంప్యూటరు తర్జుమా చేసిన ఇంకో కాగితం. నన్ను ఎగాదిగా చూసింది.

"ఈ ఫారంలో మీరు రాసింది నిజమేనా?"

"నిజమేనండీ."

"అయితే చెప్పండి. ఈయన మీ కొడుకు కొడుకా, కూతురు కొడుకా?"

నా చెవులు నేనే నమ్మలేకపోయాను. నాకున్నది ఎనిమిదో తరగతి చదివే ఒక్కగానొక్క కూతురు. నేను గుడ్లప్పగించి చూస్తుండగానే ఇన్‌స్పెక్టరు లోపలికి వచ్చాడు. అదే మీసం, అదే ఇస్త్రీ. ఆఫీసరమ్మ రెండు కాగితాలూ ఆయన చేతికిచ్చి, "మీ అమ్మమ్మగారో నాయనమ్మగారో వచ్చారు, పలకరించండి" అంది.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని తర్జుమా చదివాడు. తరవాత నా చేతిరాత చదివాడు. మీసం ఒక పక్కకి అదిరింది, రెండో పక్కకి అదిరింది. అప్పుడు, నాలుగు నెలల్లో మొదటిసారి, నాతో తెలుగులో మాట్లాడాడు.

"దీర్ఘం ఏదమ్మా?"

"ఏ దీర్ఘం?"

"వ మీద దీర్ఘం. మింగేశారు. మనవాణ్ణి కాస్తా మనవణ్ణి చేసి కూర్చోబెట్టారు."

చూసుకుంటే నిజమే. 'మనవడు' అని ఇంతింత అక్షరాలతో రాసి ఉంది. నాకంటే పద్నాలుగేళ్ళు పెద్దవాడైన ఆ బట్టతల మనిషికి నేను మామ్మనయ్యాను. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది గానీ, ఆయన మీసం కింద నవ్వు ఆపుకోలేక పడుతున్న అవస్థ చూసేసరికి నాకే కిసుక్కున నవ్వొచ్చింది. ఆయన ఆఫీసరమ్మకి విషయం విడమరిచి చెప్పాడు. చిన్న గీత ఉంటే మన మనిషి, లేకపోతే పిల్లల పిల్లవాడు అని. ఆవిడ కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకునేదాకా నవ్వింది.

నవ్వు అయ్యాక ఆవిడ వదల్లేదు. మాటల మీద సరదా ఉన్న మనిషి కాబోలు.

"దీర్ఘం ఉన్న మాటకి అర్థమేంటి? మీ దేశంవాడనా?"

"అంతేనండీ. కాకపోతే..." అని ఆయన రెండు వేళ్ళు చూపించాడు. "మా భాషలో 'మా' అని ఒకటుంది, 'మన' అని ఒకటుంది. మీతో మాట్లాడుతూ 'మా ఇల్లు' అన్నాననుకోండి, అందులో మీకు వాటా లేదు. 'మన ఇల్లు' అంటే వింటున్న మీతో కలిపే. సొంత దేశంవాణ్ణి మేం ఈ రెండోదాంతోనే పిలుచుకుంటాం."

"ఈవిడ ఈ ఫారం ఎవరికి రాసింది?"

"మన ఆఫీసుకి. అంటే మీకు."

"నాకు రాస్తూ 'మన' అందంటే, వింటున్న నన్ను కూడా కలుపుకున్నట్టేగా?"

ఇన్‌స్పెక్టరు మెడ వెనక గోక్కున్నాడు. నలభై మూడేళ్ళుగా ఉప్పూ పప్పూ లాగా వాడుతున్న మాట. దాని తలుపు అంత బార్లా తీసి ఉంటుందని నాకెప్పుడూ తట్టలేదు.

"వ్యాకరణం ప్రకారం... కలుపుకున్నట్టేనండీ" అన్నాడాయన.

"అయితే ఈయన మీకెంతో నాకూ అంతేనమ్మా" అని ఆఫీసరమ్మ నావైపు తిరిగింది. "ఇది బంధుత్వం కిందికి రాదు. పదింటికి టెస్టు. ఈయనే పెడతారు."

నా ప్రాణం ఉసూరుమంది. తెలివిగా రాశాననుకున్న మాటే నన్ను తీసుకెళ్ళి మళ్ళీ ఆయన పక్కనే కూర్చోబెట్టింది. ఆ తెల్ల వ్యాను కళ్ళముందే వెళ్ళిపోతున్నట్టనిపించింది. ఇక లాభం లేదని కడుపులోది కక్కేశాను.

"వ్యాకరణం అందరికీ ఒకటే కావచ్చండీ, టెస్టు మాత్రం ఒకటి కాదు. ఈయన మా దేశంవాళ్ళు కనిపిస్తే చాలు, ఫెయిల్ చెయ్యడానికే చూస్తాడు. మిగతావాళ్ళకి ఒక కన్ను, మాకు రెండు కళ్ళు. ఇవాళ సాయంత్రానికి లైసెన్సు లేకపోతే నాకు రాబోయే డ్రైవరు ఉద్యోగం పోయినట్టే. పొయ్యి దగ్గరే ముసలిదాన్నయిపోతాను."

ఇన్‌స్పెక్టరు మొహంలో నవ్వు మాయమైంది. "రూలు అందరికీ ఒకటే" అన్నాడు, మళ్ళీ ఇక్కడి భాషలోకి వెళ్ళిపోయి.

ఆఫీసరమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "పెద్ద మాటే అన్నారు. వెనక సీట్లో నేను కూర్చుంటాను. పదండి" అని లేచింది.

అలా ముగ్గురం ఆఫీసు కారెక్కాం. స్టీరింగ్ ముందు నేను, పక్కన ఆయన, వెనక ఆవిడ. సీటు బెల్టు పెట్టుకున్నాను, అద్దం సరిచేసుకున్నాను, తాళం తిప్పాను. బండి వెన్నలా కదిలింది. కోపంలో ఉన్నప్పుడు నేను ఏ పనైనా బాగా చేస్తాను, ట్రేలు కూడా అప్పుడే చకచకా లాగుతాను.

బస్‌స్టాపు దగ్గర బస్సు కదిలేదాకా ఆగాను. స్కూలు గేటు ముందు వేగం తగ్గించాను. ఎత్తు రోడ్డు మీద సిగ్నలు పడితే హ్యాండుబ్రేకు వేసి, పచ్చలైటు రాగానే ఒక్క అంగుళం వెనక్కి జారకుండా ఎక్కించాను. చేతికర్ర పట్టుకున్న పెద్దాయన ఒకరు రోడ్డు దాటుతూ మధ్యలో ఆగి జేబులో ఏదో వెతుక్కుంటుంటే, వెనకనుంచి ఎవరో హారన్ కొడుతున్నా కదల్లేదు. ఇన్‌స్పెక్టరు "ఎడమకి", "కుడికి", "తిన్నగా" తప్ప ఇంకేం మాట్లాడలేదు. వెనకనుంచి కలం గీసే చప్పుడు కూడా లేదు.

చివరికి ఆ మాట వచ్చింది. "ఫుట్‌పాత్ పక్కన ఆపండి."

చెట్ల కింద ఖాళీ రోడ్డు. ఇండికేటరు వేసి, అద్దం చూసి, మెల్లిగా గట్టువైపు తెచ్చి ఆపాను. నా లెక్క ప్రకారం బాగానే ఆపాను. ఇన్‌స్పెక్టరు తలుపు తీసుకుని దిగాడు. చెయ్యి దానంతటదే ప్యాంటు జేబులోకి వెళ్ళింది. టేపు బయటికొచ్చింది. ఆయన వంగాడు.

ఆయన చాలాసేపు లేవలేదు. నేను పక్క సీటు మీదుగా వంగి తలుపులోంచి చూశాను. టేపు మీద ఆయన బొటనవేలు ముప్ఫై దాటి ఒక చిన్న గీత అవతల ఉంది. ఒకే ఒక్క గీత. అయిపోయింది, ఇక పొయ్యిల గదే నా గతి అనుకున్నాను.

వెనక కిటికీ అద్దం దిగింది. "ఏంటది?" అంది ఆఫీసరమ్మ.

"కొలత టేపండీ."

"మన ఆఫీసు టేపులు ఇవ్వదే. ఎక్కడిది?"

"నాదే. ఇంటినుంచి తెచ్చుకున్నాను."

"టెస్టుకి వచ్చినవాళ్ళందరికీ తీస్తారా?"

ఆయన లేచి నిలబడి, టేపుకేసి చూస్తూ, "లేదండీ. మనవాళ్ళకి మాత్రమే" అన్నాడు. ఇక్కడి భాషలో మాట్లాడుతూ మధ్యలో ఆ ఒక్క మాట తెలుగులోనే అన్నాడు. ఆవిడకి తర్జుమా అక్కర్లేకపోయింది.

"ఎందుకు?" అంది ఆవిడ మెత్తగా.

"పదకొండేళ్ళయింది. ఉద్యోగంలో చేరిన మొదటి నెల. మనవాడొకడు టెస్టుకొచ్చాడు. ఎంత బాగా నడిపాడంటే, నాకే ముచ్చటేసింది. పాస్ చేశాను. బయటికొస్తుంటే వరండాలో ఇద్దరు గుసగుసలాడుకున్నారు. వాళ్ళవాడేగా, పాస్ చెయ్యక ఏం చేస్తాడు అని. ఆ సాయంత్రమే కొట్టుకెళ్ళి ఈ టేపు కొన్నాను. నన్నెవరూ వేలెత్తి చూపకూడదనుకున్నాను. ఆ పంతంలో మనవాళ్ళ చక్రాలే కొలుస్తూ వచ్చాను, మిగతావాళ్ళవి కంటితో చూసి సరిపెట్టాను. తప్పే చేశాను."

ఆ మాట చెప్పేటప్పుడు ఆ ఇస్త్రీ చొక్కాలో మనిషి చాలా చిన్నగా కనిపించాడు. నాలుగు నెలలుగా నేను పళ్ళు పటపటా కొరికింది ఈయన మీదేనా అనిపించింది. కోపం ఎటు పోయిందో తెలీదు, జాలేసింది. అలాగని నా నోరు ఊరుకుంటుందా?

"అయితే నా రెండు ఫెయిళ్ళూ ఆ టేపు పుణ్యమేనా?" అన్నాను తెలుగులో.

ఆయన నావైపు తిరిగాడు. మొదటిసారి తిన్నగా నా మొహం చూశాడు.

"రెండోది టేపేనమ్మా. మొదటిది కాదు. ఆరోజు మీరు నిజంగానే అద్దం చూడలేదు. ఎవరైనా ఫెయిలే."

ఆరోజు నేను అద్దం ఎందుకు చూడలేదో నాకు తెలుసు. ఆయన మొహం చూస్తూ కూర్చున్నాను. ఇప్పుడు నవ్వుతాడా, ఇప్పుడు ఏ ఊరని అడుగుతాడా అని. మనవాడు పక్కనుండగా ఇంక అద్దమెందుకు అనుకున్నాను. ఆ మాటని ఆయన చూసి భయపడ్డాడు, నేను చూసి ధీమాపడ్డాను. ఇద్దరం రోడ్డు మాత్రం చూడలేదు.

ఆయన టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. రెండడుగులు వెనక్కి వేసి, చేతులు వెనక్కి కట్టుకుని, చక్రంకేసి కంటితో చూశాడు. పొడుగమ్మాయి చక్రాన్నీ ఇలాగే చూసి ఉంటాడు.

"గట్టు పక్కనే ఉంది" అన్నాడు. కారు పైకప్పు మీద కాగితం పెట్టి సంతకం చేశాడు. ఆఫీసరమ్మకి చూపించాడు. ఆవిడ కింద ఇంకో సంతకం పెట్టింది. అప్పుడు ఆ కాగితం కిటికీలోంచి నా చేతికిస్తూ, పదకొండేళ్ళలో ఎవరికీ తెలుగులో చెప్పని మాట చెప్పాడు.

"పాసయ్యారమ్మా. బాగా నడిపారు."

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఆపుకుందామనుకున్నా ఆగలేదు. స్టీరింగ్ మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాను. సంతోషమే, ఇంకేం కాదు. సోమవారం పొద్దున ఆ తెల్ల వ్యాను పెరట్లోంచి బయటికెళ్తుంటే గుమ్మంలో నిలబడి చూసేది ఇంకెవరో, లోపల కూర్చునేది నేను. కిటికీ తెరిచి పెట్టుకుంటాను. వాన పడితే పడిందని నాకూ తెలుస్తుంది.

ఇన్‌స్పెక్టరు కిటికీ దగ్గరికి వంగాడు. "కళ్ళలో నీళ్ళు పెట్టుకుని బండి నడపకూడదమ్మా. రూలు" అన్నాడు.

వెనకనుంచి ఆఫీసరమ్మ, "అయితే మీరే నడపండి. ఆఫీసుకి వెళ్ళాలిగా" అంది.

ఆయనకి చెమటలు పట్టాయి. పదకొండేళ్ళుగా పక్క సీట్లో కూర్చుని ఊరంతటికీ మార్కులు వేసిన మనిషి, వెనక పై అధికారి, పక్కన తను ఫెయిల్ చేసిన ఆడమనిషి. మేం సీట్లు మారాం. ఆయన సీటు బెల్టు పెట్టుకున్నాడు, తాళం తిప్పాడు, క్లచ్ వదిలాడు. బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ ఆగిపోయింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అద్దంలోంచి వెనక సీటుకేసి ఒకసారి, నావైపు ఒకసారి చూశాడు. టెస్టుకొచ్చినవాళ్ళు ఎలా చూస్తారో అచ్చం అలాగే చూశాడు.

నేను కొంగుతో కళ్ళు తుడుచుకుని, కాగితం మడిచి బ్యాగులో భద్రంగా పెట్టుకున్నాను.

"నెమ్మదిగా కానివ్వండి అన్నయ్యగారూ" అన్నాను. "కంగారేముంది? కార్లో ఉన్నదంతా మనవాళ్ళమే."